పేరు చివరి తోక

ఈ సంచిక ముఖచిత్ర కథనం ఆన్‌లైన్ బాట పట్టిన చిన్న వ్యాపారాల గురించి. వెబ్‌సైట్ అనగానే చాలామంది యజమానులు అడిగేది ఒకటే: చివర డాట్ కామ్ ఉందా, లేదా? 1985లో వాణిజ్య సంస్థల కోసం పుట్టిన ఆ తోక జనం నోట వెబ్‌సైట్‌కే మారుపేరైంది. డాట్ ఆర్గ్ కనిపిస్తే సేవాసంస్థ అనుకుంటాం. నిజానికి దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు, వడ్డీ వ్యాపారి కూడా! డాట్ ఏఐ చూసి కృత్రిమ మేధ కంపెనీ అనుకుంటాం. అది కరీబియన్‌లోని ఆంగ్విల్లా అనే బుల్లి దీవికి కేటాయించిన కోడ్. ఇప్పుడా కోడ్‌తో పేర్ల నమోదుకు వచ్చే రుసుములే దీవి ఖజానాకు పెద్ద ఆదాయం.

అందరికీ అమ్మని తోకలు వేరు. డాట్ గవ్ డాట్ ఇన్ ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. నకిలీ సైట్ల మోసాలు పెరిగాక రిజర్వ్ బ్యాంకు కూడా ఇదే దారి పట్టింది. 2025 అక్టోబరు 31లోగా బ్యాంకులు డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కు మారాలని ఆదేశించింది. ఆ పేర్లను నమోదు చేసే ఏకైక సంస్థ హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ. బ్యాంకు పేరు అడ్రసులో ఎక్కడో ఉంటే చాలదు, చివరి రెండు ముక్కలూ చూడాలి.

తెలుగు లిపిలో డాట్ భారత్ కూడా ఉంది. ఏ దుకాణం బోర్డు మీదా నాకైతే కనబడలేదు. కీబోర్డు మార్చాలంటే కొనేవాళ్లకు బద్ధకం, ఆ బద్ధకమంటే అమ్మేవాళ్లకు భయం. ఇక మన దేశపు కోడ్ డాట్ ఇన్, 2005లో నిబంధనలు సడలి అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఊళ్లోనే అమ్ముకునే పచ్చళ్ల కొట్టుకు అది చాలు. డాలస్‌కు ఆవకాయ పంపేవాళ్లు మాత్రం డాట్ కామ్ కోసమే పట్టుబడతారు.