శూన్యమైన పళ్లెరము



మా వీథిలోని గృహిణులము నెలకొక పాతచిత్రమును చూచి, దానిని గూర్చి ముచ్చటించుకొనుట యలవాటు చేసికొంటిమి. మావారి పాఠశాలలోని పెద్దగది, ఒక తెల్లని దుప్పటి, ఎరవు తెచ్చిన ప్రొజెక్టరు, ఇవియే మా సంపద. ఈ మాసమున చూచినది 1931లో జర్మనీయందు ఫ్రిట్జ్ లాంగు తీసిన ‘ఎం’ అను నేరచిత్రము. భార్య థియా ఫాన్ హార్బూతో గూడి యాతడే కథను సమకూర్చెను. “హంతకుల కథ మనకేల తల్లీ?” యని యెదురింటి పిన్నిగారు గొణుగుకొనుచునే వచ్చి ముందువరుసలో కూర్చుండిరి.

బెర్లిను నగరమున నొక పేదతల్లి బట్టలుతుకుచు, బడినుండి రావలసిన కూతునకై బల్లపై పళ్లెర ముంచును. గడియారము గంట కొట్టును. మెట్లపై నడుగుల చప్పుడైనప్పుడెల్ల తొంగిచూచును, వచ్చినవారు పొరుగుపిల్లలు. పేరు పెట్టి పిలుచును, బదులు లేదు. ఎచ్చటనో గడ్డిలో బంతి యొకటి దొర్లి నిలుచును. బుడగ తంతితీగలకు చిక్కుకొని కొట్టుకొనును. హత్య మన కంటబడదు. పళ్లెరము మాత్రము శూన్యముగ నుండును. మా గదిలో నెవరును కదలలేదు.

పోలీసుల సోదాలచే తమ వృత్తికి భంగము గలుగగా, దొంగలే యా హంతకుని వెదకబూనుదురు. వీథులలో బిచ్చగాండ్రను కాపుంచుదురు. వాడు వేయు నీలపాటను విని, బుడగలమ్ము గ్రుడ్డివాడు గుర్తుపట్టును. దొంగలు వానిని పాడువడిన సారాబట్టీలోని కీడ్చుకొనిపోయి తామే విచారింతురు. పీటర్ లోరె యభినయించిన యా హంతకుడు మోకాళ్లపై బడి, తనలోని పిశాచమును తా నణచుకొనజాలనని మొఱపెట్టును.

“అట్టివానిని అక్కడనే నఱుకవలయును” అని పిన్నిగారనిరి. నేను భాగవతకథను తలచితిని. నిద్రించు నుపపాండవులను చంపిన యశ్వత్థామను అర్జునుడు కట్టి తేగా, భీముడు చంపుమనెను; ద్రౌపదియో, వీని తల్లి నావలె నేడ్వరాదు, విడువుమని వేడెను. “ద్రౌపదికంత యోర్పు గలదు, నాకు లేదమ్మా” యని పిన్నిగారనిరి. నేను మాఱు చెప్పలేకపోతిని. నాకును ఆడపిల్ల గలదు.

కాని యా చిత్రముననే మఱియొక ఘట్టము నన్ను బాధించినది. వేళ యెంతయని యడిగిన బాలికకు బదులుచెప్పిన పాపమునకు, ఒక ముదుసలిని జనులు హంతకుడని చుట్టుముట్టుదురు.

2018లో, పిల్లల నెత్తుకొనిపోవువారు వచ్చిరను వదంతి వాట్సాపున వ్యాపించి, మన దేశమున పలుచోట్ల నిరపరాధులు గుంపులచేత హతులైరి. ఆ దినములలో మా వీథికి, మన భాష యెఱుగని బిచ్చగత్తె యొకతె వచ్చినది. జనులు చుట్టుముట్టి కొట్టిరి. నేను పిల్లను లోనికి లాగి, గడియ వేసి, కిటికీ చాటున నిలిచి చూచితిని, నోరు మెదపలేదు. పోలీసులు వచ్చి విడిపించి, ఆమె మూట విప్పిరి. అందు రెండు పాతచీరలు, ఒక సత్తుపళ్లెము.

ఈ మాట నేనెన్నడును ఎవరితోడను చెప్పలేదు. ఆనాడు చెప్పితిని. కొంతసేపు నిశ్శబ్దము. పిమ్మట పిన్నిగారు, “అరుగుమీదనుండి కొట్టుడని కేకవేసినది నేనే” యనిరి. ఆమె కొంగుతో కన్నులద్దుకొనుట చూచి మఱెవరును చర్చ సాగింపలేదు.

చిత్రాంతమున న్యాయాధిపతులు వత్తురు. తీర్పు మనకు వినబడదు. నల్లవస్త్రములు ధరించిన తల్లులు కనబడుదురు. దీనితో మా బిడ్డలు తిరిగిరారు, పిల్లలను కనిపెట్టుకొనవలయునని యొక తల్లి యనును. మా బోటివారము చేయగలిగిన దదియే. బడి విడుచువేళకు వీథిమొగమున నెవరో యొకరము నిలుచుటకును, అట్టి వదంతి వచ్చినచో ముందు పోలీసు ఠాణా నడుగక యితరులకు పంపకుండుటకును వాడుక చేసికొంటిమి. ఆపదలోనున్న పిల్లలకై 1098 అను టెలిఫోను సంఖ్య గలదు. గోడపై వ్రాసి యుంచుకొనుడు.

నిన్న సాయంకాలము వీథిమొగమున మొదటి వంతు పిన్నిగారిది.