జీతం పోయింది గని కాగితం మీద ఆదాయం పోలేదు!

పిల్లలను కాలేజీకి పంపిన తల్లిదండ్రులారా, జర ఈ లెక్క చూడుండ్రి. ఊళ్లె ఉండే బీసీ కుటుంబానికి ఫీజు రీయింబర్స్‌మెంటు రావాలంటే ఏడాది ఆదాయం 1.5 లక్షలు దాటొద్దు. పట్నంలనైతే 2 లక్షలు. ఎస్సీ, ఎస్టీలకు 2 లక్షలు. ఊళ్లె ఉంటూ పక్కనున్న ఫ్యాక్టరీకి పోయే ఒక బీసీ తండ్రికి నెలకు 15 వేల జీతం అనుకుందాం. ఏడాదికి 1.8 లక్షలు. గీత దాటిండు. సర్కారు లెక్కల ఆయన ఉన్నోడు! ఆగస్టుల ఫ్యాక్టరీకి తాళం పడ్డది. ఏప్రిల్ నుంచి జులై దాక నాలుగు నెలల జీతం 60 వేలు. మళ్ల పని దొరకకపోతే ఆ ఏడాది ఆ ఇంటికి వచ్చింది అంతే. మరి పిల్లగాని ఫైల్ల ఏముంటది? 1.8 లక్షలే ఉంటది. పొయ్యిల పిల్లి లేచినా లేవకపోయినా కాగితం మీద జీతం మాత్రం నెలనెలా వస్తనే ఉంటది.

మేము అడుగుతున్నది బిచ్చం కాదు. తప్పిన లెక్కను సరిచెయ్యుమంటున్నం.

2008ల ఉమ్మడి రాష్ట్రంల ఈ పథకం పెద్దగ మొదలైనంక కూలోల్ల ఇండ్లల్ల నుంచి కూడ ఇంజినీర్లు వచ్చిండ్రు. దాన్ని మేము కాదంటలేం. కని తాసిల్దారు ఇచ్చే ఆదాయ సర్టిఫికెట్ ఒక్కదాని మీదనే పథకం అంత నిలబడ్డది. నడిమిట్ల ఆదాయం పోతే ఏం చెయ్యాలె? ఏ కాలేజీ నోటీసుబోర్డు మీదనన్న ఆ ముచ్చట రాసి ఉండంగ మీరు చూసిండ్రా?

ఆదాయం పోవుడు అంటే ఏందో సర్కారుకు తెల్వదా? మంచిగ తెల్సు. 2019 అక్టోబరు 5న ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగితే, వాళ్లు తమంతట తామే ఉద్యోగం పోగొట్టుకున్నరని అప్పటి ముఖ్యమంత్రే ప్రకటించిండు. సమ్మె 52 రోజులు నడిచింది. ఆ 52 రోజులు డ్రైవరన్న బిడ్డ ఫైల్ల ఆదాయం ఎంతని రాసుకున్నరు? కరోనా కాలంల ప్రైవేటు బడి పంతుళ్లు జీతాల్లేక కూరగాయలమ్మిండ్రు. 2021 ఏప్రిల్ల సర్కారే వాళ్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తమన్నది. అంటే పంతులు ఇంట్ల పొయ్యి ఆరిందని ఒప్పుకున్నట్టే గదా! బియ్యం ఇచ్చేకాడ తెల్సిన కష్టం ఫీజుకాడ ఎందుకు తెల్వది?

పైసల్లేని కష్టం సర్కారుకు కొత్తనా? కాలేజీలకు కట్టాల్సిన ఫీజులు ఏండ్లకేండ్లు ఆపుతది. 2025 నవంబరుల బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు బందు పెట్టినయి. సర్కారు చేతిల పైసల్లేకపోతే దాన్ని బకాయి అంటరు, వాయిదా అడుగుతరు. పేదోని చేతిల పైసల్లేకపోతే హాల్‌టికెట్ ఆపుతరు, సర్టిఫికెట్లు పట్టుకుంటరు. ఇదేం న్యాయం?

‘అట్ల తలుపు తెరిస్తే ప్రతోడు ఉద్యోగం పోయిందని వస్తడు’ అంటరు ఆఫీసర్లు. రానియ్యుండ్రి. రుజువు అడుగుండ్రి. పీఎఫ్ పాసుబుక్కుల ఏ నెల నుంచి జమ ఆగిందో కనవడ్తది. బ్యాంకు ఖాతల జీతం పడ్డదో లేదో కనవడ్తది. ఆటో తోలే మనిషి కాలిరిగి పండుకుంటే దవాఖాన కాగితం ఉంటది. గల్ఫ్ నుంచి వాపసొచ్చినోని పాస్‌పోర్టు మీద ముద్ర ఉంటది. ఇంటి పెద్ద సచ్చిపోతే మరణ ధ్రువపత్రం ఉంటది. ఇన్ని ఉండంగ అబద్ధాల భయమెందుకు?

ఇది లోకంల లేని కోరిక కూడ కాదు. మన పిల్లలు ఎంతోమంది పోయిన అమెరికాల, అక్కడి విద్యార్థులకు ఇచ్చే ఫెడరల్ సాయం రెండేండ్ల కిందటి ఆదాయం మీద లెక్క కడ్తరు. అంతల ఉద్యోగం పోతే, రుజువులు చూసి ఆ లెక్క మార్చే అధికారం కాలేజీల ఉండే సాయం అధికారికి చట్టమే ఇచ్చింది. ఇట్ల అడిగినోళ్లందరికీ గంపగుత్తగ లేదనే పద్ధతి కాలేజీ పెట్టుకోవద్దని, అడిగే హక్కుందని బహిరంగంగ చెప్పాలెనని 2023-24 నుంచి నిబంధన తెచ్చిండ్రు. అడిగితే ఇచ్చి తీరాలెనని కాదు. అమెరికా స్వర్గమని మేము రాస్తలేం, అక్కడి చదువుల అప్పులు మనకు ఎరుకే. కని దరఖాస్తు తీసుకొని చూడాలెనన్న ఇంగితం అక్కడి చట్టంల ఉంటే మన జీవోల ఎందుకుండదు?

మా డిమాండ్లు నాలుగు. ఆదాయం పోయిన కుటుంబానికి ఇప్పటి ఆదాయం మీద గడువు లోపల కొత్త సర్టిఫికెట్ ఇయ్యాలె. ఈపాస్‌ల ఏడాది నడుమ కూడ ఆదాయం మార్చుకునే వీలు పెట్టాలె. తీర్పు వచ్చే దాక హాల్‌టికెట్ ఆపొద్దు, అసలు సర్టిఫికెట్లు పట్టుకోవద్దు. పట్టుకోవద్దని యూజీసీ 2016లనే చెప్పింది. ఈ హక్కు సంగతి ప్రతి కాలేజీ గోడ మీద తెలుగుల రాయాలె.

జీవో వచ్చే దాక చేతులు కట్టుకొని కూసోవద్దు. ఇంట్ల ఆదాయం పోయిన పిల్లలు ఇయ్యాల్నే తెల్లకాగితం తీయుండ్రి. ఏ తారీఖు నుంచి ఆదాయం ఆగింది, ముందు ఎంతొచ్చేది, ఇప్పుడు ఎంతొస్తుంది, మూడు ముక్కలు రాసి రుజువులు జతచెయ్యుండ్రి. కొత్త ఆదాయ సర్టిఫికెట్ కోసం మీసేవల దరఖాస్తు పెట్టుండ్రి. ప్రిన్సిపాల్‌కు ఒక కాపీ, జిల్లా సంక్షేమ అధికారికి ఒక కాపీ ఇచ్చి ముద్ర వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడుపోస్టుల పంపుండ్రి. సోమవారం కలెక్టరాఫీసుల ప్రజావాణికి పోండి. జవాబు రాకుంటే మీ దరఖాస్తు ఏ బల్ల మీద ఆగిందో సమాచార హక్కు కింద అడుగుండ్రి, 30 రోజుల్ల చెప్పాలె. ఒక్కరే పోతే గేటుకాడనే ఆపుతరు. క్లాసుల ఇసొంటోళ్లు పదిమంది ఉంటే పదిమంది కలిసి పోండి. విద్యార్థి సంఘాలు ఏ జెండావైనా సరే, ఆ పదిమంది ఎన్క నిలబడాలె.