సీసాలో మనీప్లాంటు

ప్రశ్న: మాది సుచిత్ర దగ్గర అపార్ట్‌మెంటు. హాలులో ఏడెనిమిది సీసాల్లో మనీప్లాంటు పెంచుతున్నాను. పక్క ఫ్లాటు అబ్బాయికి డెంగీ వచ్చింది. మొక్కలన్నీ పారేయమని మావారు గొడవ చేస్తున్నారు. మాకు రెండేళ్ళ పాప ఉంది. ఏం చెయ్యమంటారు? – ఒక సోదరి

జవాబు: మొక్కల్ని పారేయనక్కర్లేదు. ఆ సీసాల్ని మాత్రం ఈవేళే కిందికి దించి, వెలుతురులో పెట్టి చూడండి. నీళ్ళలో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ పైకీ కిందికీ ఈదుతుంటే అవి దోమపిల్లలే. రంగుసీసాల్లో ఇవి కనబడవు, అందుకే తెల్లసీసాలు మంచివి.

డెంగీని మోసే ఏడిస్ దోమకు మురుగుకాలవకంటే ఇంట్లో నిలవ ఉన్న మంచినీళ్ళే ఇష్టం. కాళ్ళ మీద తెల్లచారలుంటాయి. పగలే కుడుతుంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే గాని, ఆ అనాఫిలిస్ దోమ వేరు, ఇది వేరు. వీధిలో పొగ కొట్టించినంత మాత్రాన మీ హాలులోని సీసాకేమీ కాదు.

చాలామంది గృహిణులు చేసేదేమిటంటే, నీళ్ళు తగ్గినప్పుడల్లా పైనుంచి కాసిని పోస్తారు. ఇదే అసలు ప్రమాదం. ఏడిస్ దోమ గుడ్లు పెట్టేది నీటిమట్టానికి కాస్త పైన, సీసా గోడమీద. అవి ఎండిపోయినా నెలల తరబడి చావవు. మీరు పోసిన నీళ్ళు తగలగానే పగులుతాయి. వారం పదిరోజుల్లో దోమ తయారు! కనుక వారానికొకసారి, మరచిపోకుండా ఒకే రోజున, నీళ్ళన్నీ మట్టిలో పారబోసి, సీసా లోపలిగోడను బ్రష్షుతో గట్టిగా రుద్ది కడగాలి. వేళ్ళను కూడా కుళాయి కింద కడగండి. మూతి దగ్గర కాడ చుట్టూ దూది కుక్కితే దోమ లోపలికి పోలేదు.

అసలు మనీప్లాంటు శాశ్వతంగా సీసాలో ఉండాలని ఎవరన్నారు? రెండు మూడు కణుపులున్న తీగను కణుపు కిందుగా కత్తిరించి, మునిగే ఆకు తీసేసి నీళ్ళలో పెడితే, రెండు మూడు వారాల్లో వేళ్ళొస్తాయి. అప్పుడు అడుగున చిల్లున్న కుండీలోకి మార్చండి. పైమట్టి అంగుళం లోతు ఆరాకే నీళ్ళు పోయండి. కుండీ కింది పళ్ళెంలో ఇసుక నింపితే నీరు నిలవదు.

ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాలే వాడాలి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వద్దు. జ్వరం తగ్గింది కదా అని నిశ్చింతగా ఉండకండి. డెంగీలో చిక్కంతా తరచు అప్పుడే మొదలవుతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళనుంచి రక్తం, మగత – వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

పాప ఉందన్నారు గనుక, మీరు అడగని సంగతి ఒకటి. మేడ్చల్ రోడ్డు నర్సరీల్లో తెల్లమచ్చల పెద్ద ఆకులతో డిఫెన్‌బాకియా అనే మొక్క అమ్ముతారు. ఇంగ్లీషులో దీనికి 'డంబ్ కేన్', అంటే మూగచెరకు అని పేరు. నమిలితే నాలుక వాచి మాట రాదు. కంద తరిగితే చేతులు దురదపెట్టేది ఏ కాల్షియం ఆక్సలేటు సూదులవల్లో, ఇందులో ఉన్నవీ అవే. కంద, చేమ, మనీప్లాంటు, ఇది – అన్నీ ఒకే కుటుంబం. మనీప్లాంటు కూడా నోటికి మంటే, కాకపోతే తీవ్రత తక్కువ. కొమ్మలు కత్తిరించేటప్పుడు తొడుగులు వేసుకోండి. రసం కంట్లో పడితే పావుగంటసేపు నీళ్ళతో కడిగి డాక్టరుకు చూపించండి.

పాప ఆకు కొరికితే నోట్లో ముక్కలు తీసి, తడిగుడ్డతో తుడిచి, చల్లటి పాలో నీళ్ళో కొద్దికొద్దిగా పట్టండి. వేలుపెట్టి కక్కించవద్దు, ఉప్పునీళ్ళు తాగించవద్దు. చొంగ ఆగకపోయినా, మింగలేకపోయినా, ఊపిరి కష్టమైనా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఆ ఆకు ఒకటి వెంట తీసుకెళితే డాక్టరుకు పని సులువవుతుంది.