తలలు లెక్కపెట్టేవాళ్ల పక్కన మేం కూచోం

ఎక్కువమంది ఏమంటే అదే ప్రజాస్వామ్యమట! బూర్గంపాడు నుంచి భద్రాచలం దాకా ఏజెన్సీలోని పెద్ద ఊళ్లలో గిరిజనేతరుల మీటింగు ఎక్కడ జరిగినా ఇదే మాట. ఊళ్లో మేమే ఎక్కువ, సర్పంచ్ కుర్చీ మాకు రాదు. చేతిలో డబ్బుంది, భూమి కొనలేం. ఇదేం ప్రజాస్వామ్యం అని గొంతు చించుకుంటారు. ఆ తర్వాత మా వైపు తిరిగి, 'సాయిబూ, నువ్వూ గిరిజనేతరుడివే గదా, వచ్చి కూచో' అంటారు. ఏడాదంతా తురకోడు, 1/70 మీద ధర్నా రోజున మాత్రం సాటి గిరిజనేతరుడు! ఈ వరస సంగతి తేల్చుకోవాలె.

1/70 అసెంబ్లీలో చేతులెత్తి చేసిన చట్టం కాదు. రాజ్యాంగం ఐదో షెడ్యూలు గవర్నరుకిచ్చిన అధికారంతో వచ్చిన రెగ్యులేషన్. 1959లో ఆంధ్ర ఏజెన్సీ కోసం వచ్చింది, 1963లో తెలంగాణ ఏజెన్సీకి వర్తించింది. 1970 ఫిబ్రవరి 3 నుంచి దానికి పళ్లొచ్చినయ్. ఆదివాసీ భూమి గిరిజనేతరుడు కొనకూడదు. గిరిజనేతరుడు తన చేతిలోని భూమిని ఇంకో గిరిజనేతరుడికి అమ్మనూకూడదు. అతని చేతిలో ఉన్న భూమి ఆదివాసీ నుంచి వచ్చిందనే చట్టం ముందు అనుకుంటుంది, కాదని రుజువు చేసుకునే బరువు అతనిదే. 1988లో సుప్రీంకోర్టు ఈ రెగ్యులేషన్‌ను నిలబెట్టింది. 1997లో సమత కేసులో ఇంకో అడుగు ముందుకేసి, షెడ్యూల్డు ఏరియాలో ప్రైవేటు కంపెనీలకు గనులు లీజుకివ్వడానికి ప్రభుత్వానికి కూడా హక్కు లేదంది. 1996 పెసా చట్టం ఇక్కడి సర్పంచ్ పదవులన్నీ ఎస్టీలకే కేటాయించింది.

అవును, ఇది ఎక్కువమంది చేతులు కట్టేసే ఏర్పాటే. మరి వాళ్లు ఎక్కువమంది ఎట్లా అయ్యారు? కోయగూడేల మధ్యకు బండ్లు కట్టుకొచ్చి, అప్పులిచ్చి, వడ్డీ కింద చేను రాయించుకుని, బినామీ పేర్లు పెట్టుకుని ఎక్కువయ్యారు. ఆక్రమించి పెరిగిన సంఖ్యను చూపించి ఆక్రమణకే ఓటు హక్కు అడగడం ప్రజాస్వామ్యమా?

మావాళ్ల కష్టం నాకు తెలియంది కాదు. టైలరింగు, సైకిల్ షాపు, చికెన్ కొట్టు మీద బతికే కుటుంబాలు. ఇంటి జాగకు పట్టా రాదు. పట్టా లేనిదే బ్యాంకు అప్పు పుట్టదు. కానీ ఈ కష్టం కోయవాడు తెచ్చిందా? వంద ఎకరాలు దాచుకున్న ఆసామి మా రేకుల షెడ్డును ముందు నిలబెట్టి దాని చాటున దాక్కుంటున్నాడు. రేపు 1/70 పోతే మా రెండు గజాల జాగకు పట్టా వస్తుందో రాదో గానీ అతని వంద ఎకరాలు ఐదొందలవుతాయి. అప్పుడు మాకు అద్దె కొట్టు కూడా మిగలదు.

ఇంకో మాట. తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టినవాడు కోయగూడెం దగ్గర ఆగుతాడా? మా మసీదు దాకా రాడా? మా భాషను, మా మదర్సాను కాపాడే 29, 30 అధికరణాలు కూడా ఎక్కువమంది చేతికి అందకుండా కట్టిన కంచెలే. 1992 డిసెంబర్ 6న ఏం జరిగింది? ఓట్లతో గెలిచిన ఒక రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు హామీ ఇచ్చి కూడా గుంపును ఆపలేదు. కంచె తెగితే ఏమవుతుందో మాకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఆదివాసీ కంచెను మా చేత్తో కోసి మా కంచె నిలవాలని దువా చేస్తే, ఆ దువా ఖుబూల్ అవుతుందా?

అయితే కంచె ఉంది గదా అని కళ్లు మూసుకోమనడం లేదు. కంచే చేను మేసిన కథ బూర్గంపాడులోనే ఉంది.

2014 మార్చిలో వచ్చిన పునర్విభజన చట్టం పోలవరం ముంపు పేరుతో బూర్గంపాడు, సీతారామనగరం, కొండ్రేక రెవెన్యూ గ్రామాలను తెలంగాణ నుంచి తీసేసింది. మే 29న వచ్చిన ఆర్డినెన్సు లెక్క మార్చింది. బూర్గంపాడు, సారపాకతో సహా పన్నెండు గ్రామాలు తెలంగాణలో ఉంటాయి, మండలంలో మిగిలినవి ఆంధ్రప్రదేశ్‌కు పోతాయి అంది. సీతారామనగరం, గణపవరం, రావిగూడెం, మావాళ్ల పేరు మోస్తున్న ఇబ్రహీంపేట అట్లా పోయినయ్. మూడు నెలల్లో ఒక ఊరు కాగితం మీద అటు పోయి ఇటు వచ్చింది. ఊరివాళ్లను ఒక్కసారైనా అడిగారా?

భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరిలో ఉండేది గదా అని వాదించేవాళ్లున్నారు. బూర్గంపాడు, కుక్కునూరు, వేలేరుపాడు ఎప్పుడున్నాయి? అవి నిజాం ఏలుబడిలోని ఊళ్లు. చరిత్ర సాకు కూడా అక్కడ చెల్లదు.

ఏప్రిల్ 30న ఈ ఏడు మండలాల జనం తెలంగాణ అసెంబ్లీకి ఓటేశారు. రెండు నెలలు తిరక్కముందే వేరే రాష్ట్రం వాళ్లయ్యారు. వాళ్లు గెలిపించిన ఎమ్మెల్యేలు హైదరాబాదులో తెలంగాణ సభలో కూచుంటే, వాళ్లను ఏలింది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. 2019 ఎన్నికల దాకా ఆ సభలో వాళ్లు ఎన్నుకున్న మనిషి ఒక్కడూ లేడు. జూన్‌లో తెలంగాణ అసెంబ్లీ ఆర్డినెన్సు వద్దని తీర్మానం చేసింది. జులైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది.

భూమి సేకరించే ముందు గ్రామసభను సంప్రదించాలని పెసా అంటుంది. ముందస్తు సమ్మతి కావాలని 2013 భూసేకరణ చట్టం అంటుంది. ఊరికి ఊరునే ఎత్తి ఇంకో రాష్ట్రంలో పెట్టడానికి మాత్రం మూడో అధికరణం చాలు, ఎవర్నీ అడగక్కర్లేదు! ఎకరానికి సభ కావాలె, ఊరికి అక్కర్లేదా?

'ఆ మూడో అధికరణమే గదా తెలంగాణ తెచ్చింది, 2014 జనవరిలో ఉమ్మడి అసెంబ్లీ బిల్లును తిప్పికొట్టినా పార్లమెంటు ఇచ్చింది గదా' అని అడుగుతారు. నిజమే. సంఖ్యలో పెద్దవాడి వీటోను తెలంగాణ విషయంలో పార్లమెంటు దాటింది. దశాబ్దాలుగా అడుగుతున్న ప్రాంతానికి ఇచ్చింది. ఏడు మండలాల్లో ఎవరడిగారు? అక్కడ దాటింది ముంపు కింద మునగబోయే గూడేల మాటను. అధికరణం ఒక్కటే, రెండు సార్లూ దెబ్బ తిన్నది ఒక్కరు కాదు. ఈ తేడా చూడనివాడికి న్యాయం సంగతి చెప్పలేం.

కోర్టుల దగ్గరా ఇదే తంతు. ఏజెన్సీ బళ్లలో టీచరు పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే అని 2000లో వచ్చిన జీవో 3ని, నూటికి నూరు చెల్లదని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కోయభాష రాని పంతులు కోయపిల్లకు అక్షరం ఎట్లా చెప్తాడో ఆ తీర్పు చూసుకోలేదు. 2017లో తెలంగాణ అసెంబ్లీ ముస్లిం బీసీలకు 4 నుంచి 12 శాతానికి, ఎస్టీలకు 6 నుంచి 10 శాతానికి పెంచుతూ ఒకే బిల్లు చేసింది. ప్రజలెన్నుకున్న సభ అది. యాభై శాతం గీత అడ్డమొచ్చింది, ఢిల్లీలో ఆ బిల్లుకు ఆమోదం దొరకలేదు. ఎస్టీల వాటా 2022లో జీవోగా వచ్చింది, మాది రాలేదు. అగ్రకులాల పేదలకు 2019లో పది శాతం ఇచ్చినప్పుడు మాత్రం ఆ గీత అడ్డం కాలేదు. యాభై శాతం వంగని గీత కాదని 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టే అంది. మాకు ఇనుప గీత, వాళ్లకు రబ్బరు గీతనా?

అందుకే మా లెక్క సూటిగా చెప్తున్నాం. బలవంతుడి చెయ్యి ఆపే హద్దు కావాలె, బలహీనుడి నోరు నొక్కే హద్దు వద్దు. 1/70ని ముట్టొద్దు. షెడ్యూల్డు ఏరియాలో ఊరి సరిహద్దు మార్చాలన్నా, ఊరిని ముంచాలన్నా గ్రామసభ ఒప్పుకుంటేనే చెయ్యాలని రాజ్యాంగంలో రాయాలె. చిన్న కొట్టు, చిన్న ఇంటితో బతికే గిరిజనేతర పేదల గోడు ఆ గ్రామసభ ముందే చెప్పుకుందాం. భూమి చేతులు మారకుండా బతుకుతెరువు ఇచ్చే దారి అక్కడే వెతుకుదాం.

బూర్గంపాడు ముస్లిం భాయీ, ధర్నా టెంటు కింద నీకు కుర్చీ వేసినవాడు రేపు మన గల్లీలో కూడా తలలు లెక్కపెడతాడు. కుర్చీ వద్దు. కోయ అన్న పక్కన నేల మీద కూచుందాం.