ఏకపాత్రలో రెండవ పాత్ర

నాటకమనగానే రాత్రియెల్ల మేలుకొని చూడవలసిన వేడుకయనియు, ఇంటిపనులతో సతమతమగు మనకది కుదరదనియు మనలో పలువురి యభిప్రాయము. ఈ మాసమున మేము చెప్పదలచినది అట్టి పెద్ద నాటకములను గూర్చి కాదు. అరగంటలోనో గంటలోనో ముగియు నాటికలను గూర్చియు, ఒక్కరే నిలిచి పలుకు ఏకపాత్రలను గూర్చియు నాలుగు మాటలు చెప్పుదుము. ఇవి మధ్యాహ్నపు తీరికలో చాపమీద కూర్చుండి చదువుకొనదగినవి.

మా యింటివారు ఉపాధ్యాయులు. మా కాపురము తిరుమల కొండమీద. బడి వార్షికోత్సవము దగ్గరపడగానే పిల్లలు తమ పాఠములను వల్లించుటకు మా యింటికి వచ్చుట వాడుక. మగపిల్లలందరికిని దుర్యోధనుడే కావలెను. 1977లో వచ్చిన ‘దాన వీర శూర కర్ణ’ చలనచిత్రమునకు కొండవీటి వెంకటకవిగారు వ్రాసిన సంభాషణలు నేటికిని మన బడులలో మారుమ్రోగుచున్నవి. ఈ యేడు పొరుగింటి బాలిక యొకతె వచ్చి, “అమ్మా, ఆడపిల్లలు చెప్పేదానికి ఏకపాత్ర ఏదీ లేదా? గద పట్టుకోకుండా చెప్పేది?” అని యడిగినది. ఆ ప్రశ్నకు వెంటనే బదులు చెప్పలేకపోతిమి.

చిన్ననాడు మా తండ్రిగారు ఇంటనే మాకు అలంకారశాస్త్రము చెప్పుచు, దశరూపకములలో ‘భాణము’ అనుదానిని పరిచయము చేసిరి. పదియవ శతాబ్దివాడైన ధనంజయుడు దీని లక్షణమును చెప్పియున్నాడు. భాణమున ఒకే అంకము, ఒకే నటుడు. అతడు రంగమున లేనివారితో మాటలాడును. ఆకాశమువంక చూచి “ఏమనుచున్నావు?” అని యడిగి, విన్నట్లు నటించి, ఎదుటివారి మాటను తానే పలికి, దానికి బదులును తానే చెప్పును. దీనికే ఆకాశభాషితమని పేరు. ‘చతుర్భాణి’ యను నాలుగు ప్రాచీన భాణముల సంపుటిని 1922లో ప్రకటించిన పండితులలో మానవల్లి రామకృష్ణకవిగారు ఒకరు. నాట్యశాస్త్ర పదములకు వారు కూర్చిన ‘భరతకోశము’ను 1951లో తిరుమల తిరుపతి దేవస్థానమువారు ప్రచురించిరి. కనుక ఈ విద్య మన కొండకు పరాయిది కాదు.

ఆ భాణములలో నాయకుడు విటుడు. అతడు తిరుగునది వేశవాటిక. ఆ కథలు మనకు వలదు గాని, ఆ మర్మము మాత్రము కావలెను. ఏకపాత్ర యనగా ఒక్కరి మాట కాదు. వినువారొకరు లేనిదే ఆ మాట పుట్టదు. కంటికి కానరాని ఆ రెండవవారు ఎవరో తెలిసికొనుటయే దానిని ఆస్వాదించుటకు మొదటి మెట్టు. నిండుసభలో ఆచార్యుల నెదిరించి పలుకుచున్నానని యెరుగని బాలుని దుర్యోధనుడు గొంతు మాత్రమే చూపును; ఎరిగినవాని దుర్యోధనుడు స్నేహితుని కొరకు పడు వేదనను గూడ చూపును.

ఇక నాటికల మాట. పూర్వులు నాటిక యనినది నాలుగంకములది. హర్షుని ‘రత్నావళి’ అట్టిది. నేడు తెలుగున నాటిక యన్నచో చిన్న నాటకమే. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు వెలసినది మొదలు పరిషత్తుల పోటీలు పెరిగినవి. ఒకే రాత్రి పలు సమాజములు ఆడవలసియుండుట నాటికకు మంచి యాదరువైనది. కాలము కొంచెమగుటచే రచయిత ఒకే చిక్కును పట్టుకొని, దాని ముడి బిగించి చూపవలెను.

గణేశ్ పాత్రోగారి (1945–2015) ‘కొడుకు పుట్టాల’ను చూడుడు. మగబిడ్డ కావలెనను ఒక్క కోరిక సంసారమును ఎంత భారమున ముంచునో అందు కలదు. ఆ కోరిక మన పెరటిలో మొలచినదే గదా! గొల్లపూడి మారుతీరావుగారి (1939–2019) ‘కళ్ళు’లో గ్రుడ్డి బిచ్చగాండ్రు కొందరు కూడి తమలో ఒకనికి చూపు తెప్పింతురు. అందరికి కన్నై యుండవలసినవాడు చూపు రాగానే తనవారిని మరచును. ఇది 1988లో చలనచిత్రముగ గూడ వచ్చినది. ఈ రెంటిలోను ఉపన్యాసము లేదు. ఒక ఇల్లు, ఒక గుంపు, ఒక ప్రశ్న, అంతియే.

ప్రదర్శనలకు పోలేనివారికి ఆకాశవాణి చిరకాలము గొప్ప మేలు చేసినది. చలముగారి ‘పురూరవ’లో శారదా శ్రీనివాసన్‌గారు ఊర్వశియై పలికినది విన్నవారు, తెరయు దీపములును లేకయే నాటకము ఎట్లు నిలుచునో ఎరుగుదురు. స్త్రీలకు నాటకమేల యనువారికి మరియొక మాట. తరిగొండ వెంగమాంబగారు (1730–1817) ‘శివనాటకము’, ‘చెంచునాటకము’ మొదలగు యక్షగానములను రచించి, ఈ కొండమీదనే తనువు చాలించిరి. వారి బృందావనము ఇచ్చటనే కలదు.

మరల ఆ బాలిక మాటకు వత్తుము. ఆమెకు ఆకాశభాషితమును వివరించుచుండగా నవ్వి, “మా అవ్వ గూడా ఇట్లే మాట్లాడుతుందమ్మా! ‘ఏమంటావు’ అని అడిగి, జవాబు గూడా తానే చెప్పుకుంటుంది” అనెను. మేమును నవ్వితిమి. నిజము చెప్పవలెనన్న, ఆ పెద్దామె ఒంటిమాటలను చాదస్తమనుకొని అంతకుముందు గూడ పలుమార్లు నవ్వుకొన్నవారమే. ఆ రాత్రి మాత్రము మాకు సిగ్గు కలిగినది. ‘ఎవరితో?’ అను ప్రశ్నను పుస్తకములోని పాత్రలకు వేయ నేర్చితిమి గాని, గోడ యవతలి మనిషి విషయమున ఒక్కనాడును వేసికొనమైతిమి.

మరునాడు పోయి, “ఎవరితో అవ్వా మాటలు?” అని నేరుగా అడిగితిమి. ఆమె చప్పున నోరు మూసికొనెను. తప్పు మాదే. మూడవనాడు ప్రశ్న మాని, ఆమె ప్రక్కన కూర్చుండి, నానిన అనపగింజలు పితుకసాగితిమి. పితికిపప్పు పని చేతులదే గాని నోటిది కాదు గదా! కొంతసేపటికి ఆమె మాట తనంత తానే మొదలైనది. అది గతించిన పెనిమిటితో. ఇంటివారు కొండ దిగి తిరుపతిలో కాపురము పెట్టవలెనని యాలోచించుచున్నారు. ఆ యాలోచనలో ఆమెను అడిగినవారు లేరు. “దిగిపోదామా? ఏమంటావు?” అని ఆయనను అడుగుచున్నది. తెల్లవారి సుప్రభాతము వినబడని ఇంట లేచుట ఎట్లని ఆయన పక్షమున తానే పలుకుచున్నది. మనుమరాలి చదువును తలచి, క్రిందనే మేలేమోయని తానే మెత్తబడుచున్నది. తుదకు చేయి ఆపి, మా వైపు తిరిగి, “నువ్వేమంటావమ్మా?” అనెను.

మేము చదివిన ఏ ఏకపాత్రయు మమ్ము ఇంతగా కదల్చలేదు. ఇరుపక్షములకును బలమిచ్చి, ఏది న్యాయమో వినువారికి విడిచిపెట్టుట గొప్ప నాటకకర్తల లక్షణము. ఆ లక్షణము ఆమె మాటలలో సహజముగనే యున్నది.

బాలికను పిలిచి, “నీవు వెదకునది మీ ఇంటనే కలదు. కాని మీ అవ్వ గొంతును అనుకరించి నవ్వింపరాదు. ఊరును విషయమును మార్చుము, ముందుగా ఆమె అనుమతి పొందుము” అని చెప్పితిమి. ఆమె అట్లే చేసి, నరకబోవు పెరటిచెట్టుతో మాటలాడు ఒక ముసలమ్మను కల్పించుకొనెను. ఉత్సవమునాడు కిరీటము లేదు, గద లేదు. చేత ఒక చేట. మొదట ముందువరుస పిల్లలు నవ్విరి. ఆమె “ఏమంటావు?” అని చెట్టు నడిగి, మేము చెప్పినట్లు తొందరపడక నిలిచినది. ఆ మౌనములో నవ్వు ఆగినది. సభలో ఆమె తల్లి కూర్చుండియుండెను.

ఆ రాత్రి గోడ యవతలినుండి, “అత్తా, నువ్వేమంటావు?” అని కోడలు అడుగుట మాకు వినబడినది. బదులు వారి యింటిది. దానిని ఇచ్చట వ్రాయుట మర్యాద కాదు.

సోదరీమణులారా! ఈ మాసమున ఒక నాటికను తెచ్చి, ఇరుగుపొరుగువారు నలుగురు కూడి, పాత్రలు పంచుకొని పైకి చదువుడు. ఎవరు ఎవరితో మాటలాడుచున్నారు? వారికి కావలసినదేమి? నోటితో చెప్పక దాచినదేమి? ఈ మూడును ఒకరి నొకరు అడుగుడు. ఏకపాత్రయైనచో, ప్రశ్న తరువాతి మౌనమును దాటవేయకుడు. పిమ్మట పుస్తకము మూసి, మీ ఇంట ఒంటిగా మాటలాడువారు ఎవరైన నున్నచో, ఏదైన చేతిపని తీసికొని వారి ప్రక్కకు పోయి కూర్చుండుడు.