చేప కడుపులో చేప, మన నోట అబద్ధం



పెద్ద చేప ఎముకల గూడు, దాని పొట్టలో నిండుగా ఇంకో చేప. ఈ ఫోటో మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. నోవహు జలప్రళయానికి ఇదే రుజువని, సైన్సు నోరు మూతపడిందని, ఆమేన్ అని పదిమందికి పంపమని దాని కింద రాత. దీన్ని పంపడం మానండి. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

ఫోటో నిజమే, రాత నిజం కాదు. ఆ చేప పేరు జిఫాక్టినస్. ఇప్పుడు ఆ జాతి లేదు. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో 1952లో జార్జ్ స్టెర్న్‌బర్గ్ దాన్ని తవ్వి తీశాడు. హేస్ పట్టణంలో ఆయన పేరు పెట్టిన మ్యూజియంలో నేటికీ ఉంది. పొడవు సుమారు 14 అడుగులు. అది మింగింది 6 అడుగుల గిల్లికస్ అనే చేపను. మింగింది అరగకముందే అది చచ్చింది. లోపలి చేప కొట్టుకోవడం వల్లే చచ్చి ఉంటుందని శాస్త్రజ్ఞుల అంచనా. అంటే దాన్ని చంపింది దాని ఆశే.

"అలా చెదరకుండా పూడిపోయిందంటే ప్రళయమే కదా అయ్యగారూ" అంటారు కొందరు. అది దొరికింది సుద్దరాయిలో. సుద్ద అంటే కంటికి కనబడని సముద్ర జీవుల పెంకులు మెల్లమెల్లగా అడుగుకు దిగి పేరుకున్నది. గోదావరి వరద చూసినవారికి తెలుసు, ఉరవడిగా వచ్చే నీరు బురద తెస్తుంది గాని తెల్లని సుద్ద పేర్చదు. ఆ రాళ్ల వయసు 8 కోట్ల ఏళ్లకు పైమాటే. పైగా పొట్టలో చేపతో చచ్చిన జిఫాక్టినస్‌లు మరికొన్ని కూడా దొరికాయి. అది దాని తిండి తీరు.

బైబిలైనా సరిగా చదివారా? ఆదికాండము 7:22 చూడండి. చనిపోయినవి పొడినేల మీద ఊపిరి పీల్చినవని అక్కడ ఉంది. నీళ్లలో చేప చావడం నోవహుకు సాక్ష్యమెలా అవుతుంది?

చిన్న విషయమే కదా అనకండి. మన పిల్లలు డిగ్రీలు చదువుతున్నారు. ఫోనులో రెండు నిమిషాలు వెదికితే అసలు సంగతి తెలుస్తుంది. అప్పుడు వారు ఆ ఫోటోను మాత్రమే కాదు, అదే నోటితో మనం చెప్పిన సిలువను కూడా అనుమానిస్తారు. ఆ ఆత్మల లెక్క దేవుడు ఎవరిని అడుగుతాడు?

అబద్ధ సాక్ష్యం వద్దన్న ఆజ్ఞకు "దేవుని కోసమైతే పరవాలేదు" అనే మినహాయింపు లేదు. దేవుని తరపున మోసపు మాటలు పలుకుతారా అని యోబు తన స్నేహితులను నిలదీశాడు (యోబు 13:7). దేవునికి మన అబద్ధం అవసరం లేదు.

సూచన కావాలని అడిగినవారికి ప్రభువు ఒక్కటే ఇచ్చాడు, యోనా సూచన. కాన్సస్ చేప మింగినది రాయిగా మారి ఇంకా లోపలే ఉంది. మన ప్రభువు మూడవ దినమున సమాధిలోనుండి లేచాడు. పదిమందికి పంపాలనుకుంటే ఆ వార్త పంపండి.

ప్రభువు మిమ్మును సత్యమందు నిలువబెట్టును గాక. ఆమేన్.