కొండకుటీరమున అవ్వ విందు

సెలవులు వచ్చుటతోడనే అవ్వగారి యింటికి పరుగెత్తని బాలబాలికలు మనలో అరుదు. ఇట్టి ఆచారమే యూరపు ఖండపు ఉత్తరపు కొననున్న నార్వే దేశమునందును గలదు. అయితే అచ్చటి అవ్వలలో పలువురు మనుమలను పిలుచుకొనునది ఊరిలోని యింటికి గాదు; కొండమీది కొయ్యకుటీరమునకు. దానిని వారు ‘హ్యుట్టె’ యందురు. సుమారు 55 లక్షల జనముగల ఆ దేశమున ఇట్టి విడిదియిండ్లు 4 లక్షలకు మించి యున్నవి.

ఆంగ్లభాషలో తల్లి తల్లికిని తండ్రి తల్లికిని ఒక్కటే పేరుగదా! నార్వేవారు మనవలెనే వేరుపరచి, అమ్మమ్మను ‘మొర్మొర్’ అనియు, నాయనమ్మను ‘ఫార్మొర్’ అనియు పిలుతురు. ఈ సామ్యము మాకు మిక్కిలి ముచ్చట గొలిపినది.

కుటుంబమంతయు కూడుకొను ముఖ్యసమయము ఈస్టరు వారము. అప్పటికి కొండలపై మంచు కరగియుండదు. పలుచోట్ల బాట మూసికొనిపోవుటచే, కాళ్లకు పొడవైన మంచుపలకలు కట్టుకొని, భోజనసామగ్రిని జారుడుబండిమీద లాగికొని పోవలసియుండును. పాతకాలపు కుటీరములలో విద్యుద్దీపము లేదు, కొళాయి లేదు. వాగునుండి నీరు మోయవలెను. లేదా మంచును పొయ్యిమీద కరగించుకొనవలెను. మరుగుదొడ్డి ఆవల దూరముగా నుండును. అవ్వ అందరికంటె ముందుగా చేరి, పొయ్యి రగిల్చి, చలికి బిగుసుకొనిన కంబళ్లను కాచి, ఇనుప అచ్చులో అట్లు పోసి, వానికి తోడుగా పండ్లపాకమును గోధుమవన్నె తీపిజున్నును సిద్ధపరచును. నారింజపండ్లు బుట్టనిండ నుండవలెను. రాత్రులందు పేకాటయు, అపరాధపరిశోధక నవలలును. ఈ నవలాపఠనము 1923వ సంవత్సరము మొదలుకొని అచ్చటి ఈస్టరునకు విడరాని తోడైనది.

ముదిమియందు ఈ శ్రమ యేల, ఏ హోటలునందో అందరును కూడరాదా, అని అడుగువారు కలరు. వారితో మేము ఏకీభవింపజాలము. హోటలునందు అవ్వయు పదుగురు అతిథులలో నొకతె. కుటీరముననన్ననో, ఏ పొయ్యి గాలికి పొగ చిమ్మునో, ఏ చెరువుపై మంచు ముందుగా పలుచబడునో, ఏ కట్టెలు తడిసియున్నను మండునో ఆమె యెరుగును. తక్కినవారు ఆమె నడుగవలెను. పట్టణమున తన ఫోను తానే సరిచేసికొనలేక మనుమని బ్రతిమాలుకొను వృద్ధురాలికి, ఇచ్చట అందరును తన్నడుగుచుండుట యెంతటి సంతోషమో చెప్పవలెనా?

అయినను ఆ సంతోషమును సాకుగా జేసికొని భారమంతయు ఆమెపై వైచువారిని మేము మెచ్చము. నార్వేవారిలో ‘దుగ్నాద్’ అను మంచి మాటయొకటి కలదు. జీతబత్తెములు లేక అందరును చేయి కలిపి ఒక పని ముగించుట అని దాని భావము. 2004లో ఆ దేశప్రజలు దీనినే తమ జాతీయపదముగా ఎన్నుకొనిరి. కుటీరమున ఈ దుగ్నాద్ నడచినచో, కొడుకులు కట్టెలు చీల్తురు, అల్లుండ్రు గోడలకు రంగు పూయుదురు, మనుమలు నీరు మోతురు, మనుమరాండ్రు మంచు త్రవ్వి వాకిలి తీయుదురు. అది మరచినచోట, తక్కినవారు వెలుపల మంచుపై జారుచు కేరింతలు కొట్టుచుండగా, ముసలమ్మ ఉదయమునుండి రాత్రివరకు పొయ్యియొద్దనే నిలుచును. అడిగినచో, “నాకేమి శ్రమ!” అనును. ఆ మాటను పూర్తిగా నమ్మరాదని మా యభిప్రాయము.

ఇప్పటి క్రొత్త కుటీరములలో విద్యుత్తు, వేడినీరు, గిన్నెలు తోము యంత్రము సమస్తమును గలవు. వీనిని దూషించువారు ఒకమారు 75 ఏండ్ల మోకాళ్లతో అర్ధరాత్రి మంచులో మరుగుదొడ్డికి నడచి చూడవలెను. మాకు తోచిన లోపము వేరొకటి. ఒక్క గది, ఒక్క పొయ్యి యున్ననాడు అందరును దానిచుట్టునే కూర్చుండవలసివచ్చెను. ఎవరి గది వారికి వెచ్చగా నున్నచో, అవ్వ కథ చెప్పుట యెవరికి?

2020లో అంటురోగము ప్రబలగా, కొండయూళ్ల చిన్న ఆసుపత్రులపై భారము పడకుండుటకై ప్రభుత్వమువారు మార్చినెలనుండి ఏప్రిలు 20వ తేదీవరకు పరప్రాంతపు కుటీరములలో రాత్రి బసచేయుటను నిషేధించిరి. ఆ యేటి ఈస్టరు ఏప్రిలు 12న వచ్చినది. నిషేధము న్యాయమైనదే, కాని ఆ పండుగకు మనుమల రాక లేక గడపిన అవ్వలు ఎందరో!

అవ్వ గతించినపిమ్మట కుటీరము పలువురు బిడ్డలకు ఉమ్మడి ఆస్తి యగుట సామాన్యము. అంతట వారములు పంచుకొందురు: ఈ యేడు ఈస్టరు పెద్దవానిది, మరుసటి యేడు చిన్నదానిది. తగవు తీరును గాని పినతల్లి బిడ్డలును మేనమామ బిడ్డలును ఒకరినొకరు చూచుట మానుదురు. తక్కిన వారములన్నియు పంచుకొనినను, ఈస్టరులో రెండు దినములైనను అందరికిని ఉమ్మడిగా విడిచిపెట్టవలెనని మేము కోరుచున్నాము. నేలమీద పరుపులు వేసికొని ఇరుకుగా పండుకొనవలసివచ్చును. అవ్వ యున్ననాడును అట్లే పండుకొనిరి గదా.